గ్రీజు డబ్బా

ఆ సీసా ఇట్లా తే, అబ్బయా. ఎంతకు కొన్నావు దీన్ని? ఇరవై రూపాయలా! లీటరు నీళ్లకు ఇరవై రూపాయలు పోసి, సగం తాగి, మిగతా సగంతో చేతులు కడుక్కున్నావు. నేను చూడలేదనుకోబాక. కళ్లకు శుక్లాలు తీయించుకున్నాక నాకు అన్నీ బాగానే కనపడతన్నాయి.

సరే, ఇంకో రెండు సరుగుడు కట్టెలు మంటలోకి ఎగదోసి కూచో. ఫోను ఆ గూట్లో పెట్టు, దానికి చలెయ్యదులే. నీళ్ల సంగతి ఎత్తితే నాకు తెల్లారిపోతదని మీ అవ్వ అంటా ఉండేది. తెల్లారితే తెల్లారనీ, నీకు సోమారం దాకా ఆఫీసు లేదుగా.

మనది మైపాడు పక్క ఊరు. తూర్పుకు తిరిగితే సముద్రం, కంటికి ఆనినంత దూరం నీళ్లే, గొంతులో పోసుకునేదానికి మాత్రం చుక్క పనికిరాదు. మా చిన్నప్పుడు తాగేదానికి దొరువు నీళ్లే గతి. దొరువంటే నీకు తెలీదు. ఇసక దిబ్బ పక్కన పల్లంలో గుంట తవ్వుతారు, దిగేదానికి వాలుగా దారి వదులుతారు. అడుగున ఉప్పు నీళ్లు, వాటి మీద వాన నీళ్లు తేలతా ఉంటాయి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు, అంతే దాని మర్మం. మా అమ్మ దొరువులోకి దిగితే ముంతతో మీగడ తీసినంత నెమ్మదిగా పైపైన ముంచి కడవలో పోసేది. మేము పిల్లకాయలం తొందరపడి ముంత లోతుకు తోస్తే వీపు మోగేది. "అడుగు కదిలిస్తే ఉప్పు లేస్తది, ఇంక రేపటిదాకా పప్పుడకదు" అనేది. ఉప్పు నీళ్లలో కందిపప్పు ఎంత కట్టె కాల్చినా పలుకు పలుకుగానే ఉంటది.

అందుకని అప్పట్లో సంబంధం మాట్లాడేదానికి వచ్చినోళ్లు పొలమెంత, గొడ్లెన్ని అని అడిగినాక మెల్లిగా "మీ ఊళ్లో నీళ్లెట్టుంటయ్యి?" అని అడిగేవాళ్లు. తెలివిగలవాళ్లు ముందుగానే ఏర్పాటు చేసుకునేవాళ్లు. మా నాయన ఏం చేసినాడో తెలుసా? మీ అవ్వ వైపు వాళ్లు మా ఇల్లు చూసేదానికి వస్తన్నారని తెల్లారుజామునే బండి కట్టించి నెల్లూరు పంపి, రెండు పెద్ద బానల పెన్నా నీళ్లు తెప్పించినాడు. వచ్చినోళ్లు చెంబుడు తాగి, "అబ్బ, కొబ్బరినీళ్లే" అని తాంబూలాలు పుచ్చుకున్నారు. కాపురానికొచ్చిన రెండో రోజున మీ అవ్వ నోట్లో నీళ్లు పోసుకోని ఉమ్మేసింది. అది మొదలు, మీ వంశమే మోసపు వంశమని కళ్లు మూసేదాకా అంటానే ఉన్నది. నేనూ కాదనలేదు.

నెల్లూరు వాళ్లకు మాత్రం ఆ రోజుల్లో ఏం తక్కువ? పక్కనే పెన్న. ఏడాదిలో ముక్కాలు భాగం ఇసకే కనపడతది గానీ, ఆ ఇసకలో మోకాలి లోతు చెలమ తీస్తే చల్లటి నీళ్లు ఊరేవి. కావిడి వాళ్లు రెండు వైపులా రెండు బానలు వేసుకోని వీధి వీధికీ తిరిగి పోసేవాళ్లు. మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేప్పుడు చూసినా, కావిడి అణా. 1957లో నయాపైసలు వచ్చినాయి చూడు, అప్పుడు పడినాయి తిప్పలు. రూపాయికి నూరు పైసలంటే అణాకు ఆరుంబాతిక వచ్చింది. ఆ పాతిక యాడ నుంచి తెస్తావు? కావిడాయన ఏడు పైసలు ఇమ్మంటాడు, మా అత్త ఆరే ఇస్తానంటది. నాలుగు కావిళ్లకు ఇరవై అయిదు లెక్క సరిపోతది గదా అని నేను తెలివిగా తీర్పు చెప్పబోతే, "నాలుగు కావిళ్లు యాడ పోసుకునేది, నీ నెత్తినా?" అన్నది మా అత్త. చదువుకున్నోడి మాట ఇంట్లో చెల్లదని ఆ రోజే తెలిసింది.

యాడికో పోతన్నా. కాలవల సంగతి చెప్పాల నీకు.

గోదారి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో అయింది. కాటన్ దొర బొమ్మ లేని ఊరుందా ఆ పక్క? అది అయిన మూడేళ్లకు, 1855లో మన నెల్లూరు కాడ పెన్న మీద ఆనకట్ట కట్టినారు. దాన్నించే సర్వేపల్లి కాలవ, జాఫర్ సాహెబ్ కాలవ. ఇంకా పైన సంగం కాడ ఆనకట్ట 1886లో అయింది. కనిగిరి రిజర్వాయరు, కావలి కాలవ, కనుపూరు కాలవ దాని మీదవి. మన మొలగొలుకుల బియ్యం పేరు మద్రాసు దాకా పాకిందంటే ఈ రెండు రాతి కట్టల చలవే. నెల్లూరు ఆనకట్టను కట్టిన కొన్నేళ్లకే పెన్న పొడిచి పొడిచి పెట్టింది, మళ్లీ బాగు చేసినారు. కట్టించిన దొరల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. వరద తీసినాక చిరిగిన చోట రాళ్లు పేర్చి సున్నం పూసిన వాళ్ల పేరు ఒకటి చెప్పు చూద్దాం? నాకూ తెలీదు. ఎవుడికీ తెలీదు.

నూరేళ్ల పైచిలుకు ఆ కట్టలు నిలబడింది మాత్రం ఆ పూసినోళ్ల వల్లే.

నువ్వు నవ్వబాక, ఇది ముసలాయన చాదస్తం కాదు. కాలవ తవ్వడం ఒక ఏడాది పని, దాన్ని కాలవగా ఉంచడం ప్రతి ఏడాదీ పని. మా కాలంలో దానికొక కట్టుబాటు ఉండేది, కుడిమరామత్తు అని. ఎండలు ముదిరి చెరువు నెర్రెలిచ్చినాక దండోరా వేసేవాళ్లు: ఫలానా రోజున ఇంటికొక మనిషి పారా గంపా తీసుకోని చెరువు కాడికి రావాల. పూడిక తీసి కట్ట మీద పోసేది, మిగిలింది బండ్లకెత్తి పొలాలకు తోలుకునేది. చెరువు మట్టి పడిన మడి మూడేళ్లు ఎరువడగదు. తూము నోరు శుభ్రం చేసేది, కలుజు రాళ్లు కదిలినాయేమో చూసేది. మధ్యాన్నం చెట్టు కింద సంకటి, ఊరగాయ. రానోడికి జరిమానా, ఆ జరిమానాతో గుడికి నూనె.

అబ్బ, ఎంత బాగుండేదో అని కళ్లు మూసుకోబాక. కరణం తట్ట ఎత్తగా నేనెప్పుడూ చూడలేదు. దండోరా వేసే నాటికి ఆయనకు చెవుడొచ్చేది, పంట కోసే నాటికి తగ్గిపోయేది. పెద్ద కామందులు జీతగాణ్ణి పంపేవాళ్లు. మట్టి మోసింది ఎక్కువగా దళితవాడ వాళ్లే. ఆ మోసినోళ్లే ఊరి బావి కాడికొస్తే చేద ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు, ఎవరైనా దయ తలచి కడవలో పోస్తారేమోనని ఎండలో నిలబడేవాళ్లు. ఇంగ్లీషోళ్లు ఆ కట్టుబాటుకు 1858లో చట్టం కూడా చేసినారు, గండి పడే ప్రమాదమొస్తే ఊరోళ్ల చేత బలవంతాన పని చేయించేదానికి. బలవంతం ఎవురి మీద నడుస్తదో నీకు చెప్పబళ్లా. ఆ పద్ధతి పోవాల్సిందే, పోయింది. కానీ దాంతో పాటు పూడిక తీసే పని కూడా పోయింది చూడు, అది పోకుండా ఉండాల్సింది.

కాలవలకైతే లస్కర్లు ఉండేవాళ్లు. మన కాలవకు ఒకాయన ఉండేవాడు, బక్కపల్చని మనిషి, ఖాకీ నిక్కరు, భుజాన కండవా, చేతిలో ఎప్పుడూ ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో గ్రీజు. తెల్లారుజామున కట్ట మీద నడుచుకుంటా పొయ్యి, ఎలక బొక్క కనపడితే కాలితో మట్టి తొక్కేవాడు, జిల్లేడు మొలిస్తే పీకేవాడు. తూము కాడికొచ్చి షట్టరు మరను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పట్టించి, చక్రం ఒకసారి ఎత్తి దించేవాడు. నీళ్లుండనీ లేకపోనీ, ఆ ఎత్తి దించడం మాత్రం మానడు. "నీళ్లు లేనప్పుడు ఎందుకు మావా ఈ కసరత్తు?" అని అడిగితే, "నీళ్లొచ్చినాక తిరగనంటే దాని కాళ్లు పట్టుకునేదానికి అప్పుడు టైముండదురా" అనేవాడు. ఆఫీసు నుంచి గ్రీజు రాని నెలలో బండ్ల వాళ్ల కాడికి పొయ్యి ఇరుసుకు పూసే కందెన ఇంత అడుక్కోని తెచ్చేవాడు. కందెనంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేది, చేతికంటితే మూడు రోజులు వదలదు.

ఆయన జీతం ఎంతో నేనడగలేదు. పంటకు ఒకసారి కళ్లం కాడ ఆయనకు రైతులు తలా ఇన్ని వడ్లు కొలిచేవాళ్లు. రాత్రిపూట మా చేను కాడికి ఒక గంట ఎక్కువ నీళ్లు వదలమని మా నాయన ఒకసారి ఆయనకు చుట్టల కట్ట ఇయ్యబొయ్యినాడు. చుట్టలు తీసుకున్నాడు, నీళ్లు వదల్లేదు. "ఇది పోయిన పంటకు" అన్నాడు. అదీ మర్యాద!

ఒక్క లస్కరు పోతే ఏమైతదని నువ్వనుకుంటావు. బకింగ్‌హాం కాలవను చూడు. 1876–78 కరువులో జనానికి కూలి చూపించేదానికి తవ్వించిన భాగం ఎంతో ఉంది దాంట్లో. నా చిన్నప్పుడు పడవలు ఉప్పు, కట్టెలు వేసుకోని మద్రాసు పొయ్యేవి. లారీలొచ్చినాయి, పడవలు తగ్గినాయి, పూడిక తీసే వాళ్లు తగ్గినారు, తుఫాన్లొచ్చి ఒడ్లు కూల్చినాయి. ఎవురూ దాన్ని మూసెయ్యలేదు, తాళమెయ్యలేదు. చూసేవాళ్లు లేక అదే పూడిపోయింది.

ఇంక సోమశిల. మాకు ఆ పేరు దేవుడి పేరు లాగా వినపడేది. 1975లో పని మొదలుపెట్టి, 1989కి పూర్తి చేసినారు. 78 టీఎంసీలు పడతదంట. ఎగువన కడప జిల్లాలో ఎన్నో ఊళ్లు మునిగిపొయ్యినాయి, మన తోట పచ్చగుండేదానికి ఆళ్ల ఇళ్లు నీళ్లలోకి పొయ్యినాయని మరిచిపోబాక. దాని కింద కండలేరు, 68 టీఎంసీలు. దాని మట్టి కట్ట పొడుగు పదకొండు కిలోమీటర్లకు దగ్గర. 1976లో మద్రాసుకు తాగునీళ్లిచ్చేదానికి మహారాష్ట్ర, కర్ణాటక, మనమూ తలా అయిదు టీఎంసీలు ఒప్పుకున్నాం గదా, ఆ నీళ్లు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా పోవాల. 1983లో మనకూ తమిళనాడుకూ ఒప్పందమైంది, 1996లో నీళ్లు సరిహద్దు చేరినాయి. బాజాలు మోగినాయి, దండలు పడినాయి. తీరా చూస్తే కండలేరు నుంచి పూండి దాకా మట్టి కాలవ. దార్లో సగం నేల తాగేది, ఒడ్లు జారేవి, వదిలినన్ని నీళ్లు అవతలికి చేరేవి కాదు. చివరికి పుట్టపర్తి సత్యసాయి బాబా ట్రస్టు వాళ్లు 2002 తర్వాత దాన్ని బాగుచేసి లైనింగు వేయిస్తే గానీ మద్రాసుకు సరిగ్గా నీళ్లు అందలేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలుండి, కాలవకు సిమెంటు పూయించేదానికి ఒక బాబా రావాల్సొచ్చింది! ఇల్లలకగానే పండగ కాదని మా అవ్వ ఊరికే అనలేదు.

సోమశిల వచ్చినాక మాకు ఎడగారుకూ, అంటే రెండో పంటకూ నీళ్లు అందుతాయన్నారు. కాలవ తల కాడోళ్లకు అందినాయి కూడా. మనది తోక ఊరు. నీరు పల్లమెరుగునంటారు గానీ, దార్లో ఎన్ని ఆయిలింజన్లున్నాయో ఎరగదు పాపం.

ఈ లోపల 1984లో ఎన్టీ రామారావు కరణం మునసబు ఉద్యోగాలు తీసేసినాడు. మంచి పనే. ఆ కరణాల సంగతి ఇప్పుడే చెప్పినాగా. కానీ చెరువు ఎవురిది అని అడిగితే చెప్పేవాడు లేకుండా పొయ్యినాడు. వందెకరాల లోపు ఆయకట్టుదైతే పంచాయతీది, ఆ పైనైతే నీటిపారుదల శాఖది. తొంభై అయిదెకరాల చెరువుకు గండి పడితే అది నూటైదెకరాలదని పంచాయతీ, కాదు తొంభై అయిదేనని శాఖ. గండి మాత్రం ఏ కాయితమూ చదవకుండా పెరిగిపొయ్యేది. తర్వాత 1997లో చంద్రబాబు హయాంలో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టినారు, రైతులే ఎన్నుకోని రైతులే చూసుకునేట్టు. అది మంచి ఊహేనని ఇప్పటికీ అంటా. మొదట రెండు మూడేళ్లు పూడికలు బాగా తీసినారు. ఆ తర్వాత సంఘం ఎన్నికలు ఎమ్మెల్యే ఎన్నికల మాదిరి అయిపొయ్యినాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన. అధ్యక్షుడెవురైతే ఆయన పొలం కాడ కాలవ అద్దం మాదిరి మెరిసేది, అవతల తుంగ మొలిచేది.

లస్కర్లు ఒక్కొక్కరే రిటైరైపొయ్యినారు. వాళ్ల స్థానంలో ఎవుర్నీ వెయ్యలేదు.

ఇంక ఊళ్లో నీళ్లా? దొరువుల్ని ముంతలు మరిచిపొయ్యినాయి. మోటార్లు వచ్చినాయి. బటన్ నొక్కితే ధారగా పడతంటే ఎవురు దిగుతారు గుంటలోకి? నేనే ముందు వేయించినా, ఊళ్లో రెండో మోటారు నాదే. కానీ చదువుకున్నోళ్లు చెప్పే లెక్క ఒకటుంది, విను: సముద్రం పక్కన నేల్లో మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, అడుగున ఉప్పునీరు నలభై అడుగులు పైకొస్తదంట. మా అమ్మకు ఆ లెక్క తెలీదు గానీ ముంత నెమ్మదిగా ముంచాలని తెలుసు. దాని మీద తొంభైల్లో టైగర్ రొయ్య. అబ్బో, ఆ రెండేళ్లు! వరి మళ్లు కొట్టి గుంటలు చేసినారు. పెళ్లికి సైకిలు లేనోడు బుల్లెట్ మీద, నెల్లూరు పొయ్యి సోడా తాగొచ్చినంత తేలిగ్గా మద్రాసు పొయ్యి సినిమా చూసొచ్చేవాడు. 1994లో తెగులొచ్చి రొయ్యలు తెల్లమచ్చలతో తేలిపొయ్యినాయి. 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు తీరం వెంబడి చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది. తీర్పొచ్చేనాటికి మన బావుల్లో ఉప్పు ఎక్కేసింది. ఇంక పెన్నలో ఇసక లారీలకెక్కించింది ఎవురంటావా? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైందో! ఇసక పోతే నది నీళ్లు నిలుపుకునేది దేంట్లో? నెల్లూరు వాళ్లిప్పుడు తాగేదానికి సంగం నుంచి గొట్టాలేసుకున్నారు, ఊరి పక్కనే నది పెట్టుకోని.

స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ చూసినావు గదా, బారాషహీద్ దర్గా కాడ? ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె అని ఎన్ని రకాలు! ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వచ్చి నీళ్లలో నిలబడి మార్చుకుంటారు. చెరువులో నీళ్లు లేని ఏడు ముందుగా కాలవ నుంచి వదిలి నింపుతారు, పండగ ఆగకూడదని. నీకు పెళ్లి రొట్టె పట్టమంటే సిగ్గుపడి అవతలికి పొయ్యినావు. ఆ చెరువు కోసం ఒక పూడిక రొట్టె కూడా ఉంటే బాగుండునని నాకు అనిపిస్తది.

2021 నవంబరు నీకు గుర్తుందా? నువ్వు బెంగుళూర్లో ఉన్నావు, ఫోను మీద ఫోను చేసినావు. 19వ తేదీ తెల్లారుజామున కడప జిల్లా రాజంపేట కాడ చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపొయ్యింది. ఎగువన పింఛా కట్టా తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వాళ్లు కార్తీక మాసం చలిలో నిద్దట్లో ఉన్నారు. ఎన్ని ప్రాణాలు పొయ్యినాయో. దానికున్నవి అయిదు గేట్లు. ఒకటి పని చెయ్యక, ఎత్తేదానికి రాలేదని తర్వాత కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పినాడు. ఒక్క గేటు! వానలు విపరీతంగా పడినాయి, నిజమే, ఆ వరదకు అయిదూ ఎత్తినా నిలిచేదో లేదో నేను ఇంజనీర్ను కాదు. కానీ అవసరానికి అయిదోది ఎత్తలేని కాడ మిగతా లెక్కలన్నీ ఏం చేసుకోను?

ఆ నీళ్లన్నీ సోమశిలకే వచ్చినాయి. అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలినారు. మన కోవూరు పక్క పడుగుపాడు కాడ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపొయ్యింది, హైవే తెగింది, మద్రాసు రైళ్లు ఆగిపొయ్యినాయి. ఇందుకూరుపేట వైపు ఊళ్లోకి పెన్న వచ్చి అరుగుల మీద కూచుంది. సోమశిల గేట్ల కింద నీళ్లు పడే చోట కాంక్రీటు పరుపుంటది, ఏప్రన్ అంటారు, పడే నీళ్లు డ్యాం పాదాన్ని తవ్వకుండా. అంతకు ముందేడు 2020 వరదలకే అది దెబ్బతినింది. బాగు చేసేలోపలే ఇంకో వరద. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే గదా.

మన పక్క జిల్లా గుండ్లకమ్మ చూడు. 2022లో ఒక గేటు కొట్టుకుపొయ్యింది. సరే, ఒకటి పోతే మిగతావి చూసుకుంటారనుకున్నాం. 2023 డిసెంబర్లో ఇంకోటి పొయ్యింది. పులిచింతలలో 2021 ఆగస్టులో ఒకటి. ఇవన్నీ నిన్న గాక మొన్న కట్టినవి, నా మోకాళ్ల కన్నా చిన్నవి.

తుంగభద్రది మాత్రం పాతదే, 1953 నాటిది. ముప్పై మూడు గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపొయ్యింది. డ్యాం నిండా నీళ్లు, కింద మూడు రాష్ట్రాల రైతులు. అప్పుడు ఎవుర్ని పిలిచినారో తెలుసా? కన్నయ్య నాయుడు గారిని. మన రాష్ట్రపు మనిషి, ఎప్పుడో రిటైరైన గేట్ల నిపుణుడు, వయసులో నాకు తోటివాడే. నీళ్లు పారతా ఉండంగానే ఇనప దూలాలు ఒకదాని మీద ఒకటి దించి, ఆ నెల 17 నాటికల్లా మూసేసినాడు. వారం రోజులు! టీవీలో చూస్తా నేను మంచం మీద నుంచి లేచి నిలబడినా. మీ అమ్మ బీపీ పెరిగిందేమోనని పరిగెత్తుకొచ్చింది. ఆయనకు సన్మానాలు చేసినారు, చెయ్యాల్సిందే. నాకు మాత్రం ఒక సంగతి అర్థం కాలేదు. డెబ్బై ఏళ్ల గొలుసును తెగకముందు చూసినోడికి శాలువా ఎవురైనా కప్పుతారా? తెగలేదు గదా, ఏం చేసినావురా నువ్వు అంటారు. మా లస్కరు మావ జీవితమంతా ఏమీ జరగకుండా చూసుకోవడమే. ఏమీ జరగలేదు కాబట్టి ఎవురికీ గుర్తు లేడు.

ఇప్పుడు సంగం బ్యారేజి వచ్చింది, నెల్లూరు బ్యారేజి వచ్చింది. రాజశేఖరరెడ్డి కాలంలో మొదలై, 2022 సెప్టెంబరు 6న జగన్ రెండూ ఒకే రోజు ప్రారంభించినాడు. చూసేదానికి ముచ్చటగా ఉన్నాయి, కాదనను. పాత సంగం ఆనకట్ట మీదనే వాహనాలు పొయ్యేవి, వరదొస్తే పొదలకూరు వైపు రాకపోకలు బందు. ఇప్పుడు వంతెన మీద ఝామ్మని పోతన్నారు. ఎవురి హయాంలో ఎంత పని జరిగిందని రెండు పార్టీల వాళ్లు కొట్టుకుంటన్నారు. శిలాఫలకాలు రెండు వైపులా ఉన్నాయి, చదువుకోవచ్చు. 2021 డిసెంబర్లో ఢిల్లీలో డ్యాముల భద్రతకు చట్టం కూడా చేసినారు, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, తర్వాత తనిఖీ చెయ్యాలని. చెయ్యనీ. చేస్తే మంచిదే.

ఇంక పడుకుందాం అంటావా? ఉండు, ఈ ఒక్కటీ చెప్పి వదిలేస్తా.

పోయిన వేసవిలో నేనూ, ఇంకో ఇద్దరు ముసలోళ్లూ ఒక కాలవ తూము కాడికి పొయ్యినాం. యాడని అడగబాక, చెప్పను. షట్టరు మర తుప్పు పట్టి ఎర్రగా పొక్కిలి లేచుంది, చక్రం తిప్పితే కదల్లేదు. వాన కాలం రెండు నెలల్లో ఉంది. ఆఫీసుకు పొయ్యి చెబితే అంచనా వేసి పై వాళ్లకు పంపినామన్నారు. మేము ముగ్గురం పింఛన్ డబ్బులు తలా ఇంత వేసుకోని, నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక డబ్బా గ్రీజు, సీసాడు కిరసనాయిలు కొన్నాం. రెండు పొద్దుల పాటు తుడిచి తుడిచి తుప్పు రాల్చి గ్రీజు పట్టించినాం. మూడో నాడు నలుగురు కుర్రోళ్లని పిలిచి చక్రం తిప్పిస్తే, కీచుమని ఒక కూత పెట్టి లేచింది చూడు, ఊళ్లో కుక్కలన్నీ మొరిగినాయి.

వారం తిరక్కుండా జీపులో ఒక ఆఫీసరు వచ్చినాడు, నీ ఈడు పిలగాడే. ప్రభుత్వ ఆస్తి మీద అనుమతి లేకుండా చెయ్యేసినందుకు మా ముగ్గురి మీదా కేసు పెట్టొచ్చని చెప్పినాడు. పెట్టు నాయనా, కోర్టుకు పొయ్యే ఓపిక మాకుంది, టైమూ ఉంది అన్నాం. కాసేపు షట్టరు వైపు చూసినాడు, చక్రం మీద చెయ్యేసి ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పినాడు. చేతికంటిన గ్రీజు రుమాలుతో తుడుచుకోని, మిగిలిన డబ్బా యాడుందని అడిగినాడు. చూపించినాం. కింద ఇంకో నాలుగు తూములున్నాయని చెప్పి, డబ్బా జీపులో పెట్టుకోని పొయ్యినాడు.